కోలార్ గనుల దారి పట్టే ముందు

చిత్తూరు

పాపా,

నువ్వూ నీ స్నేహితులూ కారేసుకుని కోలార్ బంగారు గనులు చూసి, కుప్పం మీదుగా తిరిగొస్తారని మీ అమ్మ చెప్పింది. ఆ రోడ్డు మీద టమాటా లోడ్లు తోలి బతికినోణ్ణి, చెప్పకుండా ఎట్లా ఉంటాను? చూడాల్సినవి ఏవైనా చూసుకోండి గానీ పొద్దు చూసుకుని కదలండి. అడవిని వెలుతురులో దాటాలి, గనుల ఊరిని ఎండ ముదరకముందే నడిచి చూడాలి. మిగతాదంతా దాని చుట్టూ సర్దుకోవచ్చు.

బాగా తెల్లారినాకే బయల్దేరండి. బంగారుపాళ్యం దాటితే మొగిలి ఘాట్. ఎక్కేటప్పుడు ఏం కాదు. మర్నాడు దిగేటప్పుడే, లోడు లారీల వెనక, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవద్దు. ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాలని మా లారీ వాళ్ళ లెక్క. కారుకైనా అంతే.

పలమనేరులో టిఫిన్ చేసి వి.కోట, అక్కణ్ణించి బేతమంగళ. అక్కడ చెరువు దగ్గర ఒక్క నిమిషం ఆగు. పాలారు నీళ్ళవి. గనుల ఊరికి తాగునీళ్ళు పోయింది అక్కణ్ణించే. కరెంటయితే 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి గనులకు లాగారు, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగకముందే. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగినప్పటి నుంచి ఆ ఊరికి ఏదొచ్చినా బంగారం కోసమే వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మనుషులు మాత్రం అక్కడే ఉండిపోయినారు.

ఇది గుర్తుపెట్టుకో. కేజీఎఫ్ సినిమా చూసి పోయేవాళ్ళు పాడుబడ్డ ఊరనుకుంటారు. ఛాంపియన్ రీఫ్, మారికుప్పం వైపు గని కూలీలుండే లేబర్ లైన్లలో ఇరుకిళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వాకిట్లో ముగ్గు, తీగ మీద ఆరేసిన చీరలు, ఇంటి ముందు బిందెలు. అది వాళ్ళ వాకిలి. ఫోను ఎత్తే ముందు ఒక మాట అడగండి. తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్ళు ఆ ఊరి నిండా ఉన్నారు, పగలు ఇంటి దగ్గర దొరికేది ముసలోళ్ళే. వాళ్ళతోనే మాట్లాడు. నీకు తమిళం వచ్చు కదా, అది చాలు. మన జిల్లా నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి పోయి దిగినవాళ్ళ పిల్లలే చాలామంది, తెలుగు కూడా నడుస్తుంది. బంగారం ఎంత దొరికేదని అడగొద్దు, ఆ ప్రశ్న విని విని వాళ్ళకు విసుగు. ఏ షాఫ్టు, అంటే గనిలోకి దిగే ఏ బావి, ఏ షిఫ్టు అని అడుగు, మాట అదే వస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, కాలే రాయి మధ్య పని చేసినవాళ్ళు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని దగ్గేవాళ్ళుంటారు, ఆత్రపడకుండా విను.

షాఫ్టుల మీది ఇనుప టవర్లు, పైన చక్రాలు దూరం నుంచే కనిపిస్తాయి. గేటుకు తాళముంటే తాళమే. కంచె దూరి పోయి వీడియో తీసుకునేంత ఘనకార్యమేమీ లోపల లేదు, పాత బావుల్లో నీళ్ళు నిండి ఉన్నాయి. మట్టి దిబ్బలు మాత్రం తప్పకుండా చూడండి, రోడ్డు మీంచి. రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగేసినాక మిగిలిన మట్టి అది, మూడు కోట్ల టన్నులకు పైమాటే. బూడిద తెలుపు, వానకు కోసుకుపోయిన గాడులు, చాలాచోట్ల గడ్డిపోచ లేదు. మన పక్కనే ఎడారి అన్నట్టు ఉంటుంది. గాలి లేస్తే ఆ పిండి కళ్ళల్లో, ముక్కుల్లో పడుతుంది. ఎక్కొద్దు, దాని పక్కన కూర్చుని సద్ది విప్పొద్దు, కారు అద్దాలు ఎత్తుకోండి.

నువ్వు ఫిజిక్స్ చదివినదానివి కాబట్టి ఇది కూడా: కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రినోలను 1965లో పట్టుకున్నది ఈ గనుల్లోనే. మిగతా కణాలు కిందికి రాకుండా పైనున్న అంత రాయే జల్లెడ అయింది, న్యూట్రినోలు మాత్రం రాయిని దాటి వచ్చేస్తాయి.

రాత్రికి కుప్పం. అక్కడికి దగ్గర్లో గుడుపల్లె మండలం చిగురుగుంటలో కూడా బంగారు గని ఉండేది, కోలార్ పొర మన జిల్లాలోకి కూడా సాగింది. అదీ మూతపడింది. దానికోసం ప్రత్యేకంగా పోనవసరం లేదు.

మర్నాడు కైగల్ జలపాతం మీదుగా పలమనేరు. వానలు పడినాకయితే నీళ్ళు బాగా ఉంటాయి. ఆ చుట్టుపక్కలంతా కౌండిన్య అడవి, ఏనుగుల దారి. చీకటి పడేలోపు పలమనేరులో ఉండాలి, ఇది మాత్రం నాతో వాదించొద్దు. ఏనుగు రోడ్డు మీద కనిపిస్తే దూరంగానే ఆపి, హారన్ కొట్టకుండా, హెడ్‌లైట్లు ఆడించకుండా, మెల్లగా వెనక్కి రండి. ఎవరూ దిగొద్దు. గున్న ఉంటే ఇంకా దూరం. దారిలో పనసపండు అగ్గువగా దొరికిందని కారులో వేసుకోవద్దు, ఆ వాసన మీకంటే వాటికి ముందు తెలుస్తుంది.

అద్దె కారయితే కర్ణాటక పర్మిట్ సంగతి డ్రైవర్ని ముందే అడగండి, సొంత కారుకు ఆ తిప్పలు లేవు. స్టెప్నీలో గాలి శుక్రవారమే చూపించు.

మీ మామ