రాజమండ్రి వస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

లివరు, గాల్‌బ్లాడరు, ప్యాంక్రియాస్ ఆపరేషన్లు నేర్చుకుని, హైదరాబాదు వదిలేసి రాజమండ్రిలో ప్రాక్టీసు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన గోదావరి జిల్లాల వాళ్లకి నువ్వు దగ్గరవుతున్నావని చెప్పలేనంత సంతోషం. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మంచి మత్తు డాక్టరు, ఐసీయూ, బ్లడ్ బ్యాంకు కుదిరాకే బోర్డు కట్టు. ఇక్కడ కామెర్లంటే ముందు పసరు, ఆ తర్వాతే డాక్టరు. నొప్పి లేకుండా ఒళ్లు పచ్చబడి, దురద, తెల్లటి విరేచనంతో పెద్దాయన వస్తే ప్యాంక్రియాస్ తలలో గడ్డ ఉందేమో చూడాలని నీకు నేను చెప్పక్కర్లేదు. పసరు తాగుతూ ఎన్నాళ్లు పోగొట్టుకున్నాడో మాత్రం నెమ్మదిగా అడుగు. గదమాయిస్తే "అబ్బే, ఏం తాగలేదండీ" అంటారు.

అసలు నా భయం నీ నోటి గురించేరా.

కోనసీమలో నాకో స్నేహితుడుండేవాడు. చేయి తిరిగిన సర్జను. చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేసే లాపరోస్కోపీ మన వైపు కొత్తగా వస్తున్న రోజులు. గాల్‌బ్లాడరులోకి ఒక నాళం, ఒక రక్తనాళం, ఆ రెండే వెళ్తున్నట్టు తేటగా కనబడేదాకా ఏదీ కోయొద్దని స్ట్రాస్‌బర్గ్ అనే సర్జను 1995లో రాసిన మాట ఇంకా మా ఆపరేషన్ థియేటర్లదాకా రాలేదు. కొబ్బరి పీచు పని చేసుకునే ఒకావిడకి గాల్‌బ్లాడరు నాళం, అదే సిస్టిక్ డక్ట్, అనుకుని అసలు పైత్యనాళాన్నే కోసేశాడు. మూడోనాటికి పొట్ట ఉబ్బింది, కళ్లు పచ్చబడ్డాయి.

అప్పుడే పైత్యం బయటికి పోయేలా గొట్టం, అదే డ్రెయిన్, పెట్టి పెద్దాసుపత్రికి పంపాల్సింది. పంపలేదు. ఎందుకంటే అంతకుముందు ఇంకో కేసు పంపితే అక్కడి పెద్ద డాక్టరు, బంధువుల ఎదుటే "ఏ వెధవ కోశాడిది?" అన్నాడు. ఆ బంధువులు తిరిగొచ్చి వీడి క్లినిక్ అద్దాలు పగలగొట్టారు. అందుకని ఈసారి దాచిపెట్టి, తనే మళ్లీ పొట్ట తెరిచి కుట్టాడు. వాచిన నాళం కుట్టు నిలుస్తుందా? సన్నబడిపోయింది. చివరికి విశాఖలో పేగు తెచ్చి నాళానికి కలిపారు. బతికింది గానీ చలిజ్వరాలు, కామెర్లు ఆవిణ్ణి వదల్లేదు, లివరు గట్టిపడిపోయింది. నా స్నేహితుడు ఆపరేషన్లే మానేశాడు. కత్తి తప్పు వాడిదే, కాదనను. ఆవిడ ఆలస్యంగా చేరడంలో మాత్రం ఆ పెద్ద డాక్టరు నోటికే ఎక్కువ వాటా వేస్తాను.

రేపు రాజోలు నుంచో నరసాపురం నుంచో అర్ధరాత్రి అలాంటి ఫోన్ నీకే వస్తుంది. "మళ్లీ తెరవకండి, డ్రెయిన్ పెట్టి పంపించండి, నేను చూసుకుంటాను" అను. నిజం దాచమనడం లేదు. నాళం తెగిందని రోగికి చెప్పు, తిట్లు మాత్రం మింగెయ్. పంపినవాడితో తర్వాత ఒంటరిగా మాట్లాడు. లేకపోతే రెండో కేసు వాడు నీకు పంపడు.

నీకు కోపం ఎక్కువ, అచ్చం మీ నాన్నే. ఆకలేస్తే మరీను. వేళకి భోంచెయ్యి. పరికరాలకి డబ్బు తక్కువైతే బ్యాంకుకన్నా ముందు నన్నడుగు. మీ అత్తకి చెప్పకు.

మీ మావయ్య