భోజనం తర్వాత రెండో తరగతిలో అల్లరి: సమాధానం

మీ లంక గ్రామం బడిలో రెండో తరగతి పిల్లలు మధ్యాహ్న భోజనం తర్వాత కుదురుగా కూర్చోవడం లేదనీ, బుద్ధిగా ఉన్నవారికి స్టార్లు ఇచ్చే చార్టు కూడా వారానికే పనిచేయడం మానేసిందనీ, ఏం చేయాలనీ టీచరుగా మీరు అడిగారు. ఈ రెండింటికీ కారణం బహుశా ఒక్కటే: ఏం చేయకూడదో వారు విన్నారు గాని, ఏం చేయాలో ఎవరూ చేయించలేదు.

1. పళ్లెం కడిగి, చేతులు తుడుచుకొని, వరుసలో వచ్చి, పలక తీసి కూర్చోవడాన్ని ఉదయం పూటే, అల్లరి లేని సమయంలో, రెండు మూడుసార్లు చేయించండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. కూర్చోమని ఎన్నిసార్లు చెప్పినా ఏడేళ్ల పిల్లవాడికి అది మాటగానే మిగులుతుంది. కాళ్లూ చేతులూ నేర్చుకుంటేనే అలవాటవుతుంది.

2. ‘గుడ్’ అని ఊరుకోకుండా, ‘పిలవకముందే పలక తీశావు, బాగుంది’ అని అప్పటికప్పుడే మెచ్చుకోండి.

3. ఇచ్చిన స్టారును వెనక్కి తీసుకోవద్దు. గోడకుర్చీ అసలే వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది.

4. గోదావరి వరద సెలవుల తర్వాత మళ్లీ మొదటినుంచి చేయించండి.