ఇంజనీరింగ్ తరగతిలో ట్యాబ్లెట్లు: సర్క్యూట్ల పాఠం చెబుతూ నేను గమనించినవి

ఇంజనీరింగ్ తరగతిలో విద్యార్థులందరికీ వైఫైతో పనిచేసే ట్యాబ్లెట్లు ఇచ్చి పాఠం చెబితే నిజంగా నేర్చుకుంటారా, లేక ధ్యాస చెదిరిపోతుందా అని అడిగారు. ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) రెండో సంవత్సరం వారికి ఎలక్ట్రిక్ సర్క్యూట్స్ బోధిస్తూ ఐదేళ్లుగా ఈ పద్ధతిని వాడుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. స్లైడ్లు చూపించడానికే అయితే ప్రొజెక్టర్ చాలు, ట్యాబ్లెట్లకు డబ్బు పెట్టనక్కర లేదు. విద్యార్థి లెక్క చేస్తూ ఉండగానే ఎక్కడ దారి తప్పాడో చూడడానికి మాత్రం ఇంతకు మించిన సాధనం నాకు దొరకలేదు.

చిక్కైన సర్క్యూట్‌ను ఒక వోల్టేజి సోర్సు, దానితో వరుసలో ఒక రెసిస్టెన్సుగా కుదించే థెవెనిన్ సిద్ధాంతం చెప్పే రోజున నేను ఒక చిన్న లెక్క ఇస్తాను. 3 ఆంపియర్ల కరెంటు సోర్సు, దానికి సమాంతరంగా 6 ఓంల రెసిస్టరు, వాటికి సమాంతరంగా ఆ రెసిస్టరులో పారే కరెంటుకు రెట్టింపు కరెంటును అదే దిశలో తీసుకునే డిపెండెంట్ సోర్సు ఉంటాయి. థెవెనిన్ వోల్టేజి 6 వోల్టులని దాదాపు అందరూ రాబడతారు. రెసిస్టెన్సు దగ్గరికి వచ్చేసరికి చాలామంది 6 ఓంలని రాస్తారు. సరైన జవాబు 2 ఓంలు. రెసిస్టెన్సు లెక్కించేటప్పుడు, దేనిమీదా ఆధారపడని ఇండిపెండెంట్ కరెంటు సోర్సును ఓపెన్ చేసినట్టే, అంటే సర్క్యూట్ నుంచి తీసేసినట్టే, డిపెండెంట్ సోర్సును కూడా ఓపెన్ చేసేయడం వల్ల వచ్చే పొరపాటు ఇది. బోర్డు మీద చెప్పిన రోజుల్లో "అర్థమైందా?" అంటే తలలన్నీ ఊగేవి, మిడ్ పరీక్ష పేపర్లు దిద్దేదాకా ఈ తప్పు నా కంట పడేది కాదు. ఇప్పుడు వాళ్లు స్టైలస్‌తో (తెరపై రాసే కలంతో) గీసే సర్క్యూట్లన్నీ నా తెరపై చిన్న చిన్న గళ్లలో కనబడతాయి. డిపెండెంట్ సోర్సును సూచించే డైమండ్ గుర్తును ఎంతమంది కొట్టేశారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. వెంటనే అలాంటి పరిష్కారం ఒకటి పేరు లేకుండా ప్రొజెక్టర్‌పై పెట్టి, టెర్మినళ్లను షార్ట్ చేస్తే, అంటే రెండు కొసలనూ తీగతో కలిపేస్తే, ఎంత కరెంటు వస్తుందని అడుగుతాను. 3 ఆంపియర్లని వాళ్లే లెక్కకట్టి, 6 వోల్టులను 3తో భాగించి 2 ఓంలు రాబట్టి, తమ జవాబు ఎందుకు కుదరదో వాళ్లే పట్టుకుంటారు.

పేరు లేకుండా అన్న మాట చాలా ముఖ్యం. తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని తరగతిలో నోరు విప్పరు. వాళ్లకు సబ్జెక్టు రాదని మనం అనుకుంటాం. మూడేళ్ల క్రితం చివరి బెంచీలో ఏడాదంతా మౌనంగా కూర్చున్న ఒక అమ్మాయి రాసిన నోడల్ విశ్లేషణ (తీగలు కలిసే చోట్ల వోల్టేజీలు కనుక్కునే పద్ధతి) నా పద్ధతికన్నా రెండు మెట్లు తక్కువలో ముగిసింది. దాన్ని తెరపై పెట్టిన రోజు నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

కాలిఫోర్నియాలోని కన్యాడా కాలేజీలో అమెలిటో ఎన్రికెజ్ సర్క్యూట్ల కోర్సులోనే వైర్‌లెస్ ట్యాబ్లెట్ పీసీలతో ఇలా బోధించి, మామూలు తరగతితో పోల్చి చూసి, మెరుగైన ఫలితాలు వచ్చాయని 2010లో ప్రచురించారు. సైన్సు, ఇంజనీరింగ్, గణితం తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో, కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో కోర్సు తప్పినవారు సగటున 34 శాతం దాకా ఉంటే, విద్యార్థులు తామే పనిచేసిన తరగతుల్లో 22 శాతం మంది ఉన్నారు. ఆ తేడా విద్యార్థి చేత పని చేయించడం వల్ల వచ్చిందే తప్ప పరికరం వల్ల కాదన్నది గుర్తుంచుకోండి. అందుకే నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే క్విజ్‌లతో సరిపెట్టవద్దని గట్టిగా చెబుతాను. 6 ఓంలను ఎంచుకున్నాడని తెలుస్తుంది గానీ డైమండ్‌ను కొట్టేశాడని తెలియదు.

ఇక నెట్‌వర్క్ సంగతి. మొదటి సెమిస్టరులో ఇంట్లో వాడే రౌటరు ఒకటి తెచ్చిపెట్టి అరవై పరికరాలు కలిపాం. ఒక వైఫై చానల్‌లోని (ఒకే రేడియో దారిలోని) పరికరాలన్నీ వంతులవారీగా మాట్లాడాలి కాబట్టి, అందరూ ఒకేసారి బొమ్మలు పంపగానే అంతా నిలిచిపోయింది, ఆ పీరియడ్ వృథా అయింది. పైగా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మాత్రమే. వాటిని పిల్లల ఫోన్ హాట్‌స్పాట్‌లే నింపేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ అందించే పెట్టెలు) రెండు పెట్టి, సర్వరును తరగతిలోని ల్యాప్‌టాప్‌లోనే నడిపి, ఇంటర్నెట్‌తో నిమిత్తం లేకుండా చేశాక ఇబ్బంది తీరింది. కరెంటు పోయినా ఆగకుండా వాటికి యూపీఎస్ తప్పనిసరి.

ధ్యాస చెదరడం నిజమే. పాఠం చెప్పే పదిహేను నిమిషాలు ట్యాబ్లెట్లు బోర్లించి పెట్టిస్తాను, లెక్క ఇచ్చినప్పుడే తిప్పమంటాను. మీ విభాగంలో ఇరవైకి మించి కొనలేకపోతే దిగులు పడకండి. ముగ్గురికి ఒకటి ఇచ్చి, ముగ్గురూ ఒప్పుకున్నాకే జవాబు పంపాలని చెప్పండి; ఆ వాదనలోనే సగం పాఠం తేలిపోతుంది. స్టైలస్ మాత్రం ప్రతి లెక్కకూ చేయి మారాలి, లేకపోతే బాగా చదివే ఒక్కరే రాస్తూ పోతే మిగతా ఇద్దరూ చూస్తూ కూర్చుంటారు.