సీపీఎస్ వాళ్ళు ఇంటికొస్తే తలుపు తీయాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. హెచ్‌1బి వీసా. హోంవర్క్ చేయలేదని మావారు మా ఏడేళ్ళ బాబుని స్కేలుతో చేతి మీద రెండు దెబ్బలు వేశారు. వాత తేలింది. టీచర్ చూసి రిపోర్ట్ చేశారు. సీపీఎస్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖ) ఆవిడ స్కూల్లోనే బాబుతో మాట్లాడి, సాయంత్రం ఇంటికి వచ్చారు. మావారు ఆఫీసులో ఉన్నారంటే రేపు మళ్ళీ వస్తానన్నారు. మా ఎనిమిది నెలల పాపను కూడా బట్టలు తీసి చూడాలట. అత్తగారు, మామగారు ఇక్కడే ఉన్నారు. వాళ్ళతో పాటు పిల్లల్ని ఇండియా పంపించేద్దామని మావారు అంటున్నారు. మా పిల్లల్ని తీసుకుపోతారా? మా వీసా సంగతేంటి?

జవాబు: ముందు ఆ టికెట్ల ఆలోచన మానుకోండమ్మా. విచారణను అడ్డుకోవాలనే ఉద్దేశంతో పిల్లల్ని దాచినా, కొత్త అడ్రస్ చెప్పకుండా ఇల్లు మారినా టెక్సస్‌లో అది నేరం. మామూలుగా మూసేసే కేసు కూడా, పిల్లల్ని దేశం దాటిస్తున్నారన్న అనుమానం వస్తే కోర్టుకెక్కుతుంది.

మీ భయం నాకు అర్థమవుతోంది. 2012లో నార్వే రాజధాని ఓస్లోలో కోర్టు, కొడుకుని హింసించారన్న నేరం మీద, ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకీ, ఆయన భార్యకీ జైలు శిక్ష వేసింది. అప్పటి నుంచి మనవాళ్ళలో ఈ మాటెత్తితే చాలు, గుండె గుభేలుమంటుంది. కానీ నార్వేలో పిల్లల్ని కొట్టడమే నిషేధం. టెక్సస్ చట్టం వేరు. బిడ్డకు హాని జరిగే ప్రమాదం పెద్దగా లేకుండా, హద్దులో ఉన్న దండనను అది అబ్యూజ్ (పిల్లల మీద హింస) కింద లెక్కకట్టదు. ఆ హద్దు దాటారా లేదా అన్నది బిడ్డ వయసు, దెబ్బ ఎక్కడ తగిలింది, దేనితో కొట్టారు, ఇంతకు ముందు కూడా కొట్టారా అన్నవి చూసి తేలుస్తారు. చేతి మీద రెండు స్కేలు దెబ్బలకే సాధారణంగా పిల్లల్ని తీసుకుపోరు. అయినా ఖండితంగా చెప్తున్నాను, ఆ స్కేలు మళ్ళీ ముట్టుకోవద్దు. రెండో రిపోర్ట్ వస్తే మొదటిదాన్ని కూడా తిరగేస్తారు. అన్నిటికన్నా ముందు, ఏడేళ్ళ పిల్లాడి చేతి మీద వాత తేలేలా కొట్టడం తప్పు.

టీచర్ మీద కోపం పెట్టుకోకండి. అనుమానం వస్తే రిపోర్ట్ చేయాలన్నది చట్టం. చేయకపోతే ఆవిడ మీదే కేసు. మీ అనుమతి లేకుండా స్కూల్లో బాబుతో మాట్లాడే అధికారం కూడా సీపీఎస్‌కి ఉంది. అయితే మాట్లాడిన 24 గంటల్లోపు మీకు తెలియజేయడానికి ప్రయత్నించాలి.

ఇక రేపటి సంగతి. 2023 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మిమ్మల్ని కలిసిన మొదటిసారే ఆవిడ మీ హక్కులు నోటితో చెప్పి, కాగితం మీద కూడా ఇవ్వాలి. లాయర్ లేకుండా మాట్లాడనని చెప్పొచ్చు. కోర్టు ఆర్డర్ లేకుండా ఇంట్లోకి రావద్దనొచ్చు. పాప ఒంటి మీద పరీక్షలకు ఒప్పుకోమని చెప్పొచ్చు. జరిగేదంతా ఫోన్లో రికార్డ్ చేసుకోవచ్చు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ కాగితం ఇవ్వలేదా? రేపు అడిగి తీసుకోండి.

‘వద్దు’ అనగానే వాళ్ళు వెళ్ళిపోయి ఊరుకుంటారని కాదు. తగిన కారణం చూపించి కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకోవచ్చు. అందుకే మా క్లయింట్లకు నేను చెప్పేది ఇది: మర్యాదగా తలుపు తీయండి, బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేయండి. పిల్లలిద్దరూ క్షేమంగా ఉన్నారని గుమ్మంలోనే చూపించండి. ‘మీకు సహకరిస్తాం, మా లాయర్‌తో కలిసి మాట్లాడతాం’ అనండి. అంతకు మించి ఒక్క మాట వద్దు. మాట్లాడకపోవడం మీ హక్కు, అబద్ధం చెప్పడం మాత్రం హక్కు కాదు. ‘కింద పడ్డానని చెప్పు’ అని బాబుకి నేర్పకండి. వాడు స్కూల్లో అప్పటికే నిజం చెప్పేశాడు.

అత్తగారికీ, మామగారికీ ఈ రాత్రే నెమ్మదిగా చెప్పండి. ‘మా కాలంలో బెత్తం విరిగేదాకా కొట్టేవాళ్ళం’ అని మామగారు గొప్పగా అన్న మాట రిపోర్టులో ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. వాళ్ళతో మాట్లాడాలంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, బాబుతో అనువాదం చేయించకండి.

పాప నడుము కింద, పిరుదుల మీద నీలిరంగు మచ్చలున్నాయా? మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే ఉంటాయి. ఇక్కడివాళ్ళు కమిలిన గాయాలని పొరపడతారు. పిల్లల డాక్టరు దగ్గర పుట్టినప్పటి రికార్డులో ఆ మచ్చలు రాసి ఉంటే, కాపీ రేపు పొద్దున్నే తెప్పించుకోండి.

సేఫ్టీ ప్లాన్ అని ఏదైనా కాగితం ముందు పెడితే అక్కడికక్కడే సంతకం చేయొద్దు. మీవారు కొన్నాళ్ళు ఇంటికి దూరంగా ఉండాలని అందులో ఉండొచ్చు. అది మీ ఇష్టపూర్వకంగా జరగాల్సిన ఒప్పందం, లాయర్ చదివాకే సంతకం.

కోర్టు ఆర్డర్ లేకుండా పిల్లల్ని తీసుకెళ్ళాలంటే అప్పటికప్పుడు ప్రమాదం ఉండాలి. తీసుకెళ్తే మొదటి పనిదినాన జడ్జి ముందుకు రావాలి, 14 రోజుల్లో పూర్తి విచారణ జరగాలి. మీరు చెప్పినదాంట్లో ఆ పరిస్థితి నాకు కనిపించడం లేదు.

వీసా గురించి: సీపీఎస్ విచారణ సివిల్ వ్యవహారం. దానికదే శిక్ష కాదు. పోలీసులు క్రిమినల్ కేసు పెడితే మాత్రం జాగ్రత్త. పిల్లల మీద హింస నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదే కారణమవుతుంది. ‘చిన్న నేరం ఒప్పుకుంటే తేలిపోతుంది’ అని ఎవరన్నా సరే, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా మీవారు ఒప్పుకోకూడదు. డిటెక్టివ్ ఫోన్ చేసి ‘ఊరికే మాట్లాడదాం’ అన్నా లాయర్ లేకుండా వెళ్ళొద్దు.

విచారణ ముగిశాక ఉత్తరం వస్తుంది. ఆరోపణ నిలవలేదని ఉంటే దాచుకోండి. ‘నమ్మడానికి కారణం ఉంది’ (అంటే ఆరోపణ నిజమేనని తేల్చారు) అని ఉంటే, కోర్టు కేసు లేదు కదా అని వదిలేయకండి. రేపు మీరు డేకేర్‌లోనో స్కూల్లోనో ఉద్యోగానికి వెళ్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అది అడ్డుపడొచ్చు. పునఃసమీక్ష అడిగే గడువు ఆ ఉత్తరంలోనే ఉంటుంది. అందిన వారంలోపే దాన్ని లాయర్‌కి చూపించండి.