గంటకు 21 రూపాయల పెరడు

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా వారు (63) పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. వచ్చిన 16 లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి ఎఫ్‌డీ వేశాం. వచ్చే నెల గడువు తీరుతుంది. పెరట్లో పన్నెండు గొర్రెలు, ఒక పొట్టేలు, ఇరవై నాటుకోళ్లు, పాతిక సెంట్లలో కూరగాయలు ఉన్నాయి. తెల్లారి ఐదింటికి లేస్తే పొద్దెక్కేదాకా నడుం వాల్చే తీరిక ఉండదు. అయినా గొర్రెపిల్లలను తల్లుల దగ్గరికి వదిలే వేళ నాకు గుళ్లో కూర్చున్నట్టు ఉంటుంది. మా అబ్బాయి ‘అన్నీ అమ్మేసి హైదరాబాద్ వచ్చేయండి’ అంటాడు. మా మరిది ‘సబ్సిడీ ఉంది, వంద గొర్రెల యూనిట్ పెట్టండి’ అంటాడు. మొన్న మనవడి పుట్టినరోజుకు కూడా వెళ్లలేకపోయాను. ఇంతకీ ఇది లాభమా, నష్టమా? ఈనడం మానేసిన ముసలి గొర్రెలు రెండున్నాయి, వాటినైనా అమ్మాలా?

జవాబు: అమ్మా, మీరు పంపిన నోటుపుస్తకం ఫోటోలు చూశాను. పేజీ అంచున తవుడు అంటుకుని ఉన్నా లెక్క మాత్రం శుభ్రంగా ఉంది. పోయినేడు గొర్రెపిల్లలను అమ్మితే 63,000, కోళ్లు, గుడ్ల మీద 14,000 వచ్చాయి. ఇంట్లో తిన్నవి మీరు రాయలేదు. ఆ కూరగాయలు, గుడ్లు బజార్లో కొంటే ఏడాదికి 18,000 అవుతాయని నేను కలిపాను. మొత్తం 95,000. తవుడు, నూనెగింజల చెక్క, మేతకు 29,000, మందులకు 4,000, మోటారు రిపేరు, కంచెకు 8,000 పోగా 54,000 మిగులు. మీరిద్దరూ కలిసి రోజుకు ఏడు గంటలు పెడుతున్నామన్నారు. భాగిస్తే గంటకు 21 రూపాయలు పడుతుంది. మిరపకాయల కోతకు పోయినా అంతకు మించే ఇస్తారు.

ఈ అంకె మీ అబ్బాయికి చెప్పకండి, రేపే లారీ పంపిస్తాడు.

ఆ ఏడు గంటల్లో రెండు రకాలున్నాయి. గొర్రెపిల్లలను వదిలే వేళ, బీరపాదుకు తాడు కట్టే వేళ, పొద్దుగూకాక కోళ్లను గంప కింద కమ్మే వేళ ఒక రకం. ఇవి ఎదురు డబ్బిచ్చి చేసుకోమన్నా మీరు చేసుకుంటారు. బిందెలతో మడులకు నీళ్లు మోయడం, గడ్డి కోసి మోపు నెత్తికెత్తుకోవడం, దొడ్డి ఊడ్చడం రెండో రకం. మీ నడుం పట్టేస్తున్నది వీటివల్లే. మా అమ్మ కోళ్లను కమ్మేటప్పుడు పైకి లెక్కపెట్టేది. ఒకటి తగ్గితే ఆ రాత్రి అన్నం సయించేది కాదు. ఏడాదికి కోళ్ల మీద ఎంత మిగిలిందని అడిగితే మాత్రం ఎప్పుడూ చెప్పలేకపోయింది.

కాబట్టి మిగులులో కొంత ఖర్చు పెట్టమంటాను. మీ మడులకు డ్రిప్ గొట్టాలు వేయించుకోండి. ఆరేడు వేలు ఒక్కసారి పోతాయి, బిందె మోత పోతుంది. గడ్డికి, దొడ్డికి ఒక మనిషిని పొద్దున పూట పెట్టుకుంటే నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000. ఇంకో 10,000 ‘ఊరెళ్లే డబ్బు’ అని విడిగా రాసుకోండి. రోజుకు 500 ఇచ్చి నమ్మకమైన మనిషిని ఇరవై రోజులు పెరటికి కాపలా ఉంచొచ్చు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాకిరీ ఎక్కువన్న బాధ కంటే కదలడానికి వీల్లేదన్న బాధే మీకు ఎక్కువగా ఉన్నట్టుంది. ఆ మనిషిని మనవడి దగ్గరికి బయల్దేరే రోజు వెతక్కండి. ముందే రెండు పూటలు మీతో తిప్పుకోండి. ఏ గొర్రె కుమ్ముతుందో, ఏ కోడి గుడ్లు పొదుగుతోందో తెలియాలి కదా.

ఇలా చేస్తే ఏటా 28,000 పోయి మిగులు 26,000కు దిగుతుంది. ఆ పోయే 28,000లో సగం పైన మీ బ్యాంకు డబ్బే తెచ్చిపెడుతుంది. ఎఫ్‌డీ తీరగానే 12 లక్షలు మీ వారి పేర పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి, మిమ్మల్ని జాయింటుగా చేర్చుకోవచ్చు. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం. చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. మూడు నెలలకోసారి 24,600, ఏడాదికి 98,400 చేతికొస్తాయి. ఏడు శాతం మీద వచ్చే 84,000 కంటే 14,400 ఎక్కువ. మిగతా నాలుగు లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి, ఆసుపత్రి అవసరానికి ఒక్కరోజులో తీసుకునేలా ఉండాలి. పన్ను సంగతి కూడా అడిగే ఉంటారు ఎవరో ఒకరు. గొర్రెల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, కానీ మీరు రాసిన ఆదాయాలన్నీ కలిపినా పన్ను పడేంత లేవు.

ఇక మీ మరిది మాట. కేంద్ర ప్రభుత్వ పథకం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద వంద ఆడ గొర్రెలు, ఐదు పొట్టేళ్ల యూనిట్‌కు పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ ఉన్న మాట నిజమే. ఆయన మిమ్మల్ని మోసం చేయడం లేదు. అయితే మిగతా సగం మీ ఎఫ్‌డీ నుంచో, అప్పు నుంచో రావాలి. భూమికి, రోజువారీ మేత ఖర్చుకు, కాపరి కూలికి సబ్సిడీ వర్తించదు. మన మెట్టలో ఎండాకాలం పచ్చిక మాడిపోతే పెద్ద మందలున్నవాళ్లు జీవాలను తోలుకుని మాగాణి ఊళ్లకు వలసపోతారు. 63 ఏళ్ల వయసులో మీ వారు కర్ర, కంబళి పట్టుకుని అలా వెళ్తారా? ముప్పై ఏళ్ల కుర్రాడు అడిగితే ‘చెయ్యి నాయనా’ అనేవాణ్ణి. మీకు మాత్రం వద్దు.

ఉన్న పదమూడింటికే జాగ్రత్త కావాలి. వానలకు ముందు చిటుకు రోగం టీకా, వేళకు నట్టల (కడుపులో పురుగుల) మందు తప్పించకండి. చెవికి గుర్తింపు పోగు వేయించి బీమా చేయించండి. ప్రీమియంలో రైతు కట్టేది 15 శాతమే, మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. దరఖాస్తు మీ పశువైద్యశాలలో అడగండి. కోళ్ల డబ్బును మాత్రం ఖాయమైన ఆదాయంగా రాసుకోకండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చుట్టుపక్కల కోళ్ల అమ్మకాలే ఆపేశారు. మిచాంగ్ తుపానుకు షెడ్డు రేకులు లేచిపోయాయని కూడా రాశారు. ఈసారి గొర్రెపిల్లల డబ్బు రాగానే 20,000 వేరే ఖాతాలో వేసి, రేకులకు, పశువుల డాక్టరుకు తప్ప ముట్టకండి.

ముసలి గొర్రెల ఫోటో కూడా చూశాను. జోడిపి రకం, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు. మీ లెక్క ప్రకారం రెండింటి మేతకు ఏడాదికి నాలుగైదు వేలు. కసాయికి ఇస్తే ఒకసారి కొంత వస్తుంది, కానీ మందను సాయంత్రం ఇంటికి మళ్లించేది వాటిలో పెద్దదేనని మీరే రాశారు. ఉంచుకోండి. ఆ ఖర్చు మాత్రం గొర్రెల పేజీలోంచి తీసి, కాఫీపొడి పక్కన ఇంటి ఖర్చులో రాయండి.