ఇంజన్ సైడ్ కవర్ విప్పే ముందు ఇది చదువు తల్లీ

చిన్నతల్లీ,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ కూతురు పాత బండి ఇంజన్ పక్కనుండే క్లచ్ కవర్ తనే విప్పుతుందట, మెకానిక్ వద్దట" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టే మాట్లాడాడు గానీ లోపల ఎంత మురిసిపోతున్నాడో గొంతులో తెలిసిపోయింది. నాకూ సంతోషమేనే. కాకపోతే ఫోన్ పెట్టేశాక నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. బండి పక్కన పెట్టుకుని చదువు.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. ఇంజన్ కాస్త వేడెక్కాక ఆపి ఆయిల్ తీసెయ్, అప్పుడు త్వరగా, పూర్తిగా కారుతుంది. పెట్రోల్ ట్యాప్ కట్టెయ్. తర్వాత ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వు. ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ అడ్డొస్తే విప్పెయ్, వాటిని తప్పించి కవర్ లాగుదామని తంటాలు పడకు. బండిని పక్కకి పడుకోబెడితే ఆయిల్ తీసే పనే లేదని ఎవరో ఒకరు చెబుతారు. ఆయిల్ కారని మాట నిజమే, కానీ పాత బండికి కార్బురేటర్ నుంచి పెట్రోలు, బ్యాటరీ నుంచి యాసిడ్ కారతాయి. ఆ పిసినారితనం మనకొద్దు.

కిక్ రాడ్ బోల్టు వదులు చేసి లాగితే రాదు. చాలా బళ్లలో ఆ బోల్టు షాఫ్ట్ మీద ఉన్న గాడిలోంచి వెళ్తుంది, దాన్ని పూర్తిగా బయటికి తీయాలి. తీసేముందు రాడ్ ఏ కోణంలో ఉందో షాఫ్ట్ మీద గుర్తు పెట్టుకో.

ఇక స్క్రూలు. పాత జపాన్ బండి అయితే ఆ స్క్రూల తల చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూలాగే ఉంటుంది, కానీ లోపలి ఆకారం వేరు. కొన్నిటికి తల మీద చిన్న చుక్క కూడా ఉంటుంది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పావో, జారి పైకి లేచి గాడిని తినేస్తుంది, ఆ తర్వాత డ్రిల్లింగే గతి. దానికి తగ్గ బిట్ కొనుక్కో, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌కి తగిలించి సుత్తితో గట్టిగా ఒక్కటి వెయ్. భయపడుతూ పది చిన్న దెబ్బలు వేస్తేనే తల పాడవుతుంది. రాకపోతే స్క్రూ చుట్టూ కవర్‌ని కాస్త వేడి చెయ్ (ఆయిల్, పెట్రోలు కారి ఉంటే ముందు పూర్తిగా తుడిచి ఆరనివ్వు, మంట మాత్రం వద్దు, హీట్ గన్ చాలు). అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఆ కాస్త తేడాకే పట్టు వదిలేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని రెండుసార్లు చదువు.

మీ నాన్న కుడి మోచెయ్యి పూర్తిగా చాచలేడు కదా, కుక్క అడ్డొచ్చి బండి పడిందని నీకు చెప్పాడు కదా. కుక్కా లేదు, ఏమీ లేదు. నీ పుట్టుకకి ముందు సంగతి. క్లచ్ ప్లేట్లు తనే మారుస్తానని ఇదే కవర్ విప్పాడు, అప్పుడు వాడిది అచ్చం నీ తొందరే. విప్పిన స్క్రూలన్నీ ఒకే డబ్బాలో పడేశాడు. అన్నీ ఒకే లావు, ఒకే తల, చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. పొడవు మాత్రం ఒకటి కాదు. కవర్ ఒక చోట మందంగా, ఒక చోట పల్చగా ఉంటుంది, వెనక రంధ్రం ఒక చోట లోతుగా, ఒక చోట తక్కువగా ఉంటుంది, దాన్ని బట్టే స్క్రూ పొడవు. బిగించేటప్పుడు వాడు పొడుగు స్క్రూ ఒకదాన్ని తక్కువ లోతు రంధ్రంలో పెట్టాడు. దాని మొన అడుక్కి తగిలి ఆగిపోయింది, తల ఇంకా కవర్‌ని అదమనే లేదు. వాడికేమో బిగిసినట్టే ఉంది. కవర్ అంచు దగ్గర వెంట్రుకంత సందు కనిపిస్తే, ఇంకా బిగించాలి కాబోలు అనుకుని బలమంతా పెట్టాడు. వెనకాల అల్యూమినియం చీలింది. చప్పుడు కూడా రాలేదట. పొట్టి స్క్రూ ఏమో లోతు రంధ్రంలోకి వెళ్లి రెండు మూడు మరలకే పట్టుకుంది, అక్కడ మరలు ఊడిపోయాయి.

ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు చుక్క కారలేదు. చూడు పొడిగా ఉంది అని నాకు గర్వంగా చూపించాడు. బండి వేడెక్కాక ఆయిల్ పల్చబడి ఆ చీలికలోంచి కారడం మొదలైంది, పరుగులో గాలికి వెనక్కి కొట్టుకుని వెనక టైరు మీద పడింది. మలుపులో టైరు జారింది. నేను వెళ్లేసరికి రోడ్డు పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకుని, బండికి ఏమైందని అడుగుతున్నాడు, వెధవ. ఇది నేను చెప్పానని వాడితో అనకు. పరువు పోయిందనుకుంటాడు.

అందుకని ఒక అట్ట ముక్క తీసుకుని దాని మీద కవర్ ఆకారం గీసుకో. ఏ స్క్రూ ఎక్కడినుంచి వచ్చిందో అట్టలో సరిగ్గా అక్కడే గుచ్చు. చిన్నప్పుడు నా పక్కన పీట వేసుకుని నట్లూ వాషర్లూ వరసగా పేర్చేదానివి, నేను ఒకటి తీసి మరో చోట పెడితే ఏడుపు అందుకునేదానివి. ఆ పట్టింపు ఇప్పుడు తెచ్చుకో. బిగించేటప్పుడు ముందు స్క్రూలన్నీ చేత్తో లోపలికి పంపి, తలలన్నీ కవర్‌పైన ఒకే ఎత్తులో నిలిచాయో లేదో చూడు. ఒకటి ఎక్కువ పైకి ఉందా, ఒకటి అప్పుడే లోపలికి దిగిపోయిందా, ఆపెయ్, ఎక్కడో తారుమారైంది. రంధ్రాల్లో ఆయిల్ నిండి ఉంటే గుడ్డతో తీసెయ్, అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిల్ మీద స్క్రూ బిగిస్తే ఆ ఒత్తిడికి కూడా చీలుతుంది.

స్క్రూలన్నీ వచ్చాక కూడా కవర్ రాదు, కవర్‌కీ ఇంజన్‌కీ మధ్య వేసే పాత ప్యాకింగ్ (గ్యాస్కెట్) అతుక్కుని ఉంటుంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తావంటే నేనే వచ్చి తంతాను. ఆ రెండు అంచుల మీద ఒక్క గీత పడినా ఎప్పటికీ కారుతూనే ఉంటుంది. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లిగా తట్టు, వస్తుంది. అస్సలు కదలకపోతే స్క్రూ ఒకటి మిగిలిపోయిందేమో చూడు, చాలాసార్లు అదే. వచ్చేటప్పుడు నెమ్మదిగా, తిన్నగా లాగు, కవర్ లోపలి వైపు ఆయిల్‌కి అంటుకుని పల్చటి వాషర్లు వస్తాయి, నీకు తెలియకుండా కింద పడతాయి. నేల మీద తెల్ల గుడ్డ పరుచు. కవర్‌ని సరిగ్గా తన చోట కూర్చోబెట్టే చిన్న డోవెల్ పిన్నులు కొన్ని కవర్‌తో వస్తాయి, కొన్ని ఇంజన్లోనే ఉంటాయి, లెక్క చూసుకో.

పాత ప్యాకింగ్ గీకడానికే ఎక్కువసేపు పడుతుంది. ఒక గంటలో కవర్ వస్తే, ఒక పూట గీకుతావు. విసుగొస్తే లేచి వెళ్లిపో, విసుగులో గీకకు. ముక్కలు లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టు. కొత్తది కంపెనీదే కొను, మందం కూడా అదే ఉండాలి. దాని మీద సిలికాన్ పూసి పెట్టే అలవాటు చాలామందికి ఉంది, నాకు చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఎక్కువైంది లోపలికి పిండుకుని, ఊడి, ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. కాగితం ప్యాకింగ్‌కి ఒక వైపు గ్రీజు పల్చగా రాయి, చాలు, వచ్చేసారి గీకుడు తగ్గుతుంది.

కిక్ షాఫ్ట్ మీద పళ్లకి టేప్ చుట్టి, ఆయిల్ రాసి కవర్ ఎక్కించు, లేకపోతే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా పట్టే రబ్బరు సీల్ అంచు తెగుతుంది. ఆ సీల్ ఎలాగూ కొత్తది వేసెయ్. కవర్ చేత్తో నొక్కితే కూర్చోవాలి. స్క్రూలతో లాగి కూర్చోబెట్టకు, కూర్చోలేదంటే లోపల ఏదో సరిగ్గా కలవలేదు. తర్వాత ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, రెండు మూడు చుట్లలో బిగించు. 6 మిల్లీమీటర్ల స్క్రూలకి సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు దాటక్కర్లేదు, మాన్యువల్లో ఎంతుంటే అంత. ఎంత బలంతో బిగిస్తున్నావో చూపే టార్క్ రెంచ్ లేకపోతే అడిగి తెచ్చుకో, చెయ్యి అలవాటైందని మాత్రం అనకు, మీ నాన్న కూడా అదే అన్నాడు.

ఆయిల్ పోయడం మర్చిపోకు. నవ్వకు, మర్చిపోయేవాళ్లున్నారు. స్టార్ట్ చేసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నిలబెట్టే నడిపించు, ఆపి, కవర్ అంచు చుట్టూ, కింద కూడా తెల్ల కాగితం రాసి చూడు. మరక లేకపోతే దగ్గర్లోనే మెల్లిగా ఒక రౌండ్ వేసి మళ్లీ చూడు. వెనక టైరు తడుము, రెండు పక్కలా. మరకుంటే ఆ రోజుకి బండి కదలకూడదు, ఎంత పనున్నా సరే.

స్క్రూలు గుచ్చిన అట్ట ఫోటో నాకు పంపు. అది చూసి నేను సరే అన్నాకే కవర్ మీద రబ్బరు సుత్తి వెయ్యి.

పెదనాన్న