చీనీకి (బత్తాయికి) వేరుకుళ్లు కాదు, చివరి వరుసలకు నీళ్లే చేరడం లేదు

ప్రశ్న: సార్, మూడెకరాల్లో చీనీ పెట్టి ఆరేళ్లయింది, 330 చెట్లు. బోరులో నీళ్లు తగ్గినాయి. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి మూడు నిమిషాలు పడుతోంది. చెట్టుకు గంటకు 8 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండు, మొదలు దగ్గరే ఉన్నాయి. తోటంతా ఒకేసారి పారిస్తాను. చివరి ఐదారు వరుసల్లో మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుని, పొద్దుటికి విప్పుకుంటున్నాయి. పిందె రాలుతోంది. షాపులో వేరుకుళ్లని చెప్పి మందిచ్చారు, పాదుల్లో పోసినా తగ్గలేదు. 900 అడుగుల బోరు వేయించమంటారా?
– ఒక రైతు, గార్లదిన్నె మండలం, అనంతపురం జిల్లా

జవాబు: ఇది వేరుకుళ్లు కాదు. తెగులు వరుసలు చూసుకుని రాదు. పొద్దుటికి విప్పుకునే ఆకు దాహంతో ముడుచుకున్న ఆకు. అనుమానముంటే పాదు అంచున జానెడు తవ్వి సన్న వేరు లాగండి. పైతోలు ఊడి లోపల దారం మిగిలితే కుళ్లు, గట్టిగా ఉంటే కాదు. తోట చూడకుండా షాపులో కూర్చుని తెగులు పేరు చెప్పేవారి మాట మీద ఇంకోసారి మందు పోయకండి.

అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. డ్రమ్ము లెక్కన బోరు గంటకు 4,000 లీటర్లు ఇస్తోంది. మీ డ్రిప్పర్లన్నీ కలిపి అడుగుతున్నది 5,280. ముందు వరుసలు తాగేస్తున్నాయి, చివరికి ఒత్తిడి అందడం లేదు. గేటు వాల్వు పెట్టి తోటను రెండు భాగాలు చేయండి. పాత డ్రిప్పర్లు తీసేసి చెట్టుకు గంటకు 4 లీటర్లవి ఆరు, కొమ్మల నీడ అంచున గుండ్రంగా పెట్టండి. ఆరేళ్ల చెట్టు నీళ్లు తాగేది అక్కడే. మొదలు తడుస్తూ ఉంటే బంక తెగులు వస్తుంది. కొమ్మల గొడుగు నాలుగు మీటర్ల వెడల్పుంటే ఏప్రిల్, మే ఎండలకు చెట్టుకు రోజుకు 50–55 లీటర్లు చాలు. ఒక్కో భాగానికి రెండుంపావు గంటలు, మొత్తం నాలుగున్నర గంటలు. ఉన్న బోరే సరిపోతుంది.

అంతకుముందు ఫిల్టరు కడగండి. డ్రిప్పర్ల మీద తెల్లటి సున్నపు పొర ఉంటే పైపుల్లోకి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎక్కించాలి. చివరి డ్రిప్పరు దగ్గర నీళ్ల పులుపు కొలిచే పి.హెచ్. కాగితం 4 చూపగానే మోటారు ఆపి, 24 గంటల తర్వాత లేటరల్ (వరుసల్లోని సన్న పైపుల) చివరలు విప్పి కడగాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

పాదుల్లో వేరుశనగ పొట్టు మూడంగుళాల మందాన పరచండి, మొదలు చుట్టూ అడుగు ఖాళీ వదలండి. లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ సాయంత్రం ఒకసారి పిచికారీ చేయండి. వానలు పడేదాకా యూరియా వేయకండి. వాడిపోయిన వరుసల్లో ఈసారి కాయ మీద ఆశ పెట్టుకోకుండా సగం తుంచేయండి, చెట్టు దక్కుతుంది.

ఇక 900 అడుగుల మాట. వద్దు. మన గ్రానైటు నేలలో నీళ్లుండేది పైనున్న మెత్తబడిన రాతిలోనూ, దాని కింది పగుళ్లలోనూ. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తక్కువ. టెంకాయ చేత్తో పట్టి పాయింటు చూపేవారి మాట నమ్మి బోరు మీద బోరు వేసి, చివరికి పొలమే అమ్ముకున్నవారిని నేను చూశాను. పైగా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002) ప్రకారం అనుమతి లేకుండా బోరు వేయకూడదు.

ఆ డబ్బులో కొద్దిభాగంతో ఉన్న బోరుకే నీళ్లు తాగించండి. 20 మిల్లీమీటర్ల వాన పడితే మీ మూడెకరాల మీద 2.4 లక్షల లీటర్లు పడుతుంది. అందులో పారి వంకలో కలిసేదాన్ని ఆపాలి. బోరు కేసింగు (పై గొట్టం) చుట్టూ పదడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత తీయించండి. గుంతలో ఉన్న కేసింగుకు కింది ఐదారడుగుల మేర సన్న రంధ్రాలు వేసి నైలాన్ జాలీ గట్టిగా చుట్టండి. అడుగున పెద్ద గుండ్లు, పైన 40 ఎం.ఎం. కంకర, దానిపై 20 ఎం.ఎం., అన్నిటికీ పైన ఇసుక. నీళ్లొచ్చే దారిలో ఒండ్రు దిగడానికి ఇంకో చిన్న గుంత ఉండాలి. అది లేకపోతే రెండు వానలకే ఇసుక మూసుకుపోతుంది. పేడ దిబ్బ మీదుగా వచ్చే నీళ్లు అందులోకి రానివ్వకండి. జూన్ వానలకు ముందే పని ముగించి, ఏటా వానల ముందు పై ఇసుక తీసి కడిగి మళ్లీ పోయండి.